పాత జనాభా లెక్కల పత్రాల్లో ఒక అమెరికా ఇంటి కథను చదవడం ఎలా?

2010 మార్చిలో మా అమ్మాయికి పురుడు పోయడానికి నేను న్యూజెర్సీ వెళ్లాను. ఏప్రిల్ 1 నాటి జనాభా లెక్కల కోసం పది ప్రశ్నల కాగితం ఒకటి అప్పటికే టపాలో వచ్చి ఉంది. దాన్ని నింపుతూ అమ్మాయి, "అమ్మా, నిన్ను కూడా రాయాలా?" అని అడిగింది. అల్లుడు నిబంధనలు చదివి, విదేశం నుంచి చుట్టపుచూపుగా వచ్చినవారిని లెక్కలో చేర్చకూడదని చెప్పాడు. తెల్లవారకముందే లేచి బాలింతకు పథ్యం వండినదీ, వారం రోజుల పసివాడికి నీళ్లు పోసి సాంబ్రాణి ధూపం వేసినదీ నేనే అయినా, కాగితం మీద మాత్రం ఆ ఇంట్లో ముగ్గురే ఉన్నారు. నాకు బాధ కలగలేదు గానీ, ఒక ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ప్రభుత్వం ఎలా నిర్ణయిస్తుంది, ఆ నిర్ణయం కాలంతో పాటు ఎలా మారింది అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను పట్టుకుంది.

కొన్ని వారాల తరువాత ఆ ఊరి గ్రంథాలయానికి వెళ్లి, స్థానిక చరిత్ర విభాగంలో పనిచేసే ఆమెను మా అమ్మాయి ఉంటున్న వీధి గురించి అడిగాను. ఆమె 1930 నాటి జనాభా లెక్కల పత్రాన్ని కంప్యూటరు తెర మీద తెరిచి చూపించారు. మా అమ్మాయి వాళ్లింటికి నాలుగిళ్ల అవతల, ఇటలీలో పుట్టిన ఒక వడ్రంగి, అతని భార్య, ఆరుగురు పిల్లలు, భార్య తల్లి, అద్దెకున్న ఇద్దరు మగవాళ్లు, మొత్తం పదకొండు మంది ఒకే కప్పు కింద ఉన్నారు. అమెరికాలో కుటుంబమంటే మొదటినుంచీ భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలేనని అనుకుంటూ వచ్చిన నేను ఆ పదకొండు పంక్తులను మళ్లీ మళ్లీ చదివాను. అప్పటి నుంచి అక్కడికి వెళ్లినప్పుడల్లా గ్రంథాలయంలోనూ, మిగిలిన కాలమంతా విజయవాడలో మా ఇంట్లో కంప్యూటరు ముందూ కూర్చుని ఈ పత్రాలను చదువుతున్నాను. వీటిని చదవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. నేను తప్పులు చేస్తూ నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

పత్రాలు ఎక్కడ దొరుకుతాయి

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణమే పదేళ్లకొకసారి జనాభాను లెక్కించాలని ఆదేశిస్తున్నది. 1790లో మొదలైన ఆ లెక్క నేటికీ ఆగలేదు. అయితే ఒక్కో ఇంటి వివరాలున్న పత్రాలను 72 ఏళ్ల పాటు రహస్యంగా ఉంచుతారు కనుక, ఇప్పుడు మనకు అందుబాటులో ఉన్నవాటిలో చివరిది 1950 నాటిది. అది 2022 ఏప్రిల్ 1న బయటికి వచ్చింది. 1960 పత్రాల కోసం 2032 వరకు వేచి ఉండాలి. 1950 పత్రాలను నేషనల్ ఆర్కైవ్స్ వారు తమ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారు, అంతకుముందువాటిని ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే రుసుము లేకుండా చూడవచ్చు. డబ్బు చెల్లించి చేరవలసిన సంస్థలు వేరే ఉన్నాయి గానీ, ఈ పనికి వాటి అవసరం నాకు ఎప్పుడూ కలగలేదు.

1890 పత్రాల కోసం వెతికి కాలం వృథా చేసుకోకండి. 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో అవి చాలావరకు దెబ్బతిన్నాయి, మిగిలినవాటిని తరువాత ప్రభుత్వమే తీసివేసింది. 1880లో ఒడిలో పిల్లవాడితో కనిపించిన స్త్రీ 1900లో అత్తగారిగా కనిపించడం, మధ్యలో ఏం జరిగిందో తెలియకపోవడం ఈ కారణం వల్లనే.

మనిషిని కాదు, ఇంటిని ఎంచుకోండి

కొత్తగా మొదలుపెట్టేవారు ఒక కుటుంబం పేరు పట్టుకుని వెతకడం మొదలుపెడతారు. నా సలహా వేరు. ఒక ఇంటిని, లేదా ఒక వీధిలో రెండు మూడు ఇళ్లను ఎంచుకోండి. కుటుంబాన్ని వెంబడిస్తే ఆ ఒక్క కుటుంబపు అదృష్టదురదృష్టాలే తెలుస్తాయి. ఇంటిని వెంబడిస్తే అదే నాలుగు గోడల మధ్య కాలం మారిన తీరు కనబడుతుంది. మీ పిల్లలు ఉంటున్న ఊరు ఇటీవల వెలసినదైతే పాత పత్రాల్లో అక్కడ మొక్కజొన్న చేలు తప్ప ఏమీ ఉండవు కనుక, దగ్గరలోని పాత పట్టణాన్ని ఎంచుకోండి.

వెతుకులాటను 1950లో మొదలుపెట్టి వెనక్కి నడవడం మంచిది. లెక్కల సౌకర్యం కోసం ప్రతి ఊరినీ చిన్న చిన్న భాగాలుగా విడదీసి ఒక్కో భాగానికి ఒక సంఖ్య ఇచ్చారు, దాన్ని ఎన్యూమరేషన్ డిస్ట్రిక్ట్ అంటారు. పటంలో మీ వీధి ఏ భాగంలోకి వస్తుందో చూసుకుని, ఆ భాగం పత్రాలను ఒక్కొక్కటిగా తిప్పితే ఇల్లు దొరుకుతుంది. పత్రం ఎడమ అంచున నిలువుగా వీధి పేరు రాసి ఉంటుంది, దాని పక్కనే ఇంటి సంఖ్య ఉంటుంది. పేరుతో వెతికే సౌకర్యం ఉన్నా దాన్ని పూర్తిగా నమ్మకండి. గణకుడు గుమ్మం దగ్గర నిలబడి తనకు వినబడినట్లు రాసుకున్నాడు కనుక, ఒకే ఇంటిపేరు మూడు లెక్కల్లో మూడు విధాలుగా ఉండటం మామూలే. అలాంటప్పుడు ఇంటిపేరు వదిలేసి, ఎక్కువమందికి లేని పేరు గల ఒక పిల్లవాడిని, వాడి వయసును పట్టుకుని వెతకండి.

వయసులు సరిపోలకపోతే తేదీ చూడండి. 1900 లెక్కకు జూన్ 1, 1910కి ఏప్రిల్ 15, 1920కి జనవరి 1, 1930 నుంచి ఏప్రిల్ 1 ప్రామాణిక దినాలు. నలభై, యాభై, అరవై వంటి నిండు సంఖ్యల దగ్గర పెద్దవాళ్ల వయసులు గుంపుగా ఉంటే, వారు ఉజ్జాయింపుగా చెప్పారని గ్రహించాలి.

మొదట వరుసల గడి చదవండి

పత్రం తెరవగానే అందరికీ పేర్ల మీదికి చూపు పోతుంది. మీరు పేర్ల పక్కనున్న గడి చూడండి. ఇంట్లో ప్రతి ఒక్కరూ కుటుంబ పెద్దకు ఏ వరుస అవుతారో అందులో ఉంటుంది. ఈ గడి 1880లోనే మొదటిసారి వచ్చింది. 1790 నుంచి 1840 వరకు ఇంటి పెద్ద పేరు మాత్రమే రాసి, మిగిలినవారిని వయసుల వారీగా అంకెల్లో లెక్కపెట్టారు. 1850 నుంచి స్వతంత్రులందరి పేర్లూ రాశారు గానీ వరుసలు రాయలేదు. అందుచేత 1850, 1860, 1870 పత్రాల్లో ఒక మగవాని పేరు కింద ఉన్న ఆడపేరును వెంటనే భార్య అనుకోవద్దు. ఆమె చెల్లెలు కావచ్చు, పనిమనిషి కావచ్చు, చనిపోయిన భార్య స్థానంలో పిల్లలను చూసుకోవడానికి వచ్చిన మరదలు కావచ్చు.

వరుసల గడిలో తెలుగువారికి పరిచయమైన దృశ్యాలు ఎన్నో కనిపిస్తాయి. అట్లాంటాలో ఆబర్న్ అవెన్యూ 501వ నంబరు ఇంటినే తీసుకోండి. ఏ.డి. విలియమ్స్ అనే పాస్టరు, ఆయన భార్య జెన్నీ 1909లో ఆ ఇల్లు కొన్నారు. వారి కుమార్తె ఆల్బెర్టాకు 1926లో పెళ్లయ్యాక కొత్త దంపతులు వేరు కాపురం పెట్టలేదు, ఆ ఇంట్లోనే ఉన్నారు. అల్లుడు క్రమంగా మామగారి చర్చి బాధ్యతలు కూడా చేపట్టాడు. మనం దాన్ని ఇల్లరికం అంటాం. ముగ్గురు మనవలు ఆ ఇంట్లోనే పుట్టారు, వారిలో రెండవవాడు 1929 జనవరి 15న పుట్టిన మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్. అమ్మమ్మ చేతుల మీద పెరిగిన ఆ పిల్లవాడి ఇల్లు ఆ రోజుల్లో విచిత్రమైనదేమీ కాదు. 1850లో 65 ఏళ్లు దాటిన అమెరికన్లలో సుమారు 70 శాతం మంది తమ పిల్లలతో కలిసి ఉండేవారు, 20వ శతాబ్దం చివరికి ఆ వాటా 15 శాతం లోపుకు పడిపోయింది. ఈ మార్పును అంకెలుగా చదివినప్పుడు కన్నా, ఒకే ఇంటి పత్రాల్లో "తల్లి", "అత్తగారు", "మామగారు" అన్న మాటలు దశాబ్దం తరువాత దశాబ్దం మాయమవుతూ రావడం చూసినప్పుడు మనసుకు ఎక్కువగా తగులుతుంది. పెద్దవాళ్లను పిల్లలు వెళ్లగొట్టారని వెంటనే తీర్పు చెప్పకండి. పొలాలు, సొంత దుకాణాలు పోయి జీతపు ఉద్యోగాలు రావడంతో తండ్రి ఆస్తి కోసం కొడుకు కనిపెట్టుకుని ఉండవలసిన అవసరం తగ్గింది. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చాక వృద్ధులకు తమ కాళ్ల మీద తాము బతికే ఆధారం కూడా దొరికింది. కాస్త ఆదాయం ఉన్న వృద్ధులు తమ ఇంట్లో తామే ఉండటానికి మొగ్గు చూపిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అదే గడిలో "బోర్డర్", "లాడ్జర్" అన్న మాటలు ఉంటే అక్కడ కాస్త ఆగండి. బోర్డర్ అంటే ఇంట్లో భోజనం కూడా చేసే అద్దె మనిషి, లాడ్జర్ అంటే పడుకోవడానికి మాత్రమే చోటు తీసుకున్న మనిషి. న్యూయార్క్‌లో 97 ఆర్చర్డ్ స్ట్రీట్ వద్ద 1863లో కట్టిన అద్దెల భవనాన్ని ఇప్పుడు ప్రదర్శనశాలగా నిలిపి ఉంచారు. అక్కడి మూడు గదుల వాటా మొత్తం సుమారు 325 చదరపు అడుగులు. అంత చోటులో తల్లిదండ్రులు, పిల్లలు సర్దుకుని ఉంటూ, ఆపైన అద్దె మనిషికి కూడా చోటిచ్చిన కుటుంబాలు ఆ పేటలో అనేకం. ఆ అద్దె మనిషికి వండిపెట్టినదీ, బట్టలు ఉతికినదీ ఆ ఇంటి ఇల్లాలే. ఆ సంపాదన ఆమె పేరు మీద ఎక్కడా కనబడదు.

రెండు చిన్న అంకెలు

1900, 1910 పత్రాల్లో మాత్రమే ప్రతి తల్లికీ ఎదురుగా పక్కపక్కనే రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఆమె ఎంతమంది పిల్లలను కన్నదో చెబుతుంది, రెండవది వారిలో ఎంతమంది బతికి ఉన్నారో చెబుతుంది. ఈ పత్రాలన్నిటిలో నేను అత్యంత విలువైనవిగా భావించేవి ఈ రెండు గడులే.

వీటిని చదివే పద్ధతి ఇది. "8, 5" అని ఉందనుకోండి. ముందు ఇంట్లో ఉన్న పిల్లలను లెక్కపెట్టండి. నలుగురే ఉంటే, బతికున్న ఐదవ సంతానం పెళ్లయి వెళ్లిందో, మరోచోట పనిలో ఉందో వెతకాలి. తరువాత పిల్లల వయసులను వరుసగా రాసుకోండి. పన్నెండు, పది, నాలుగు, రెండు అని ఉంటే, పదికీ నాలుగుకీ మధ్యనున్న ఆరేళ్ల ఖాళీలో ఆ తల్లి పోగొట్టుకున్న బిడ్డలు ఉండి ఉండవచ్చు. గణకుడు గుమ్మంలో నిలబడి అడిగితే ఆమె ఆ అంకెలు చెప్పింది. మా అమ్మమ్మ కూడా "తొమ్మిది కాన్పులు, దక్కినవాళ్లు ఆరుగురు" అని ఇదే వరుసలో చెప్పేది. అందుకే మొదటిసారి ఈ గడులు చూసినప్పుడు నేను చాలాసేపు తరువాతి పత్రానికి వెళ్లలేకపోయాను.

ఒకే వీధిలోని ముప్పై నలభై మంది తల్లుల అంకెలను కూడి చూస్తే ఆ వీధి ఆరోగ్యం తెలుస్తుంది. 1915లో, జననాల నమోదు సక్రమంగా జరిగిన ప్రాంతాల్లోనే, పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో దాదాపు వంద మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. ఇప్పుడు ఆ సంఖ్య ఆరు లోపే. శుభ్రమైన నీరు, కాచిన పాలు, టీకాలు, తరువాత యాంటీబయాటిక్ మందులు ఈ మార్పును తెచ్చాయి. నగర నీటి సరఫరాలో నిత్యం క్లోరిన్ కలపడం అమెరికాలో 1908లో న్యూజెర్సీ రాష్ట్రపు జెర్సీ సిటీలోనే మొదలైంది. కాన్పుల సంఖ్య తగ్గడం మాత్రం ఇంకా ముందే ఆరంభమైంది. 1800 ప్రాంతంలో తెల్లజాతి స్త్రీకి సగటున ఏడు కాన్పులు ఉండగా, 1900 నాటికి అవి నాలుగు లోపుకు వచ్చాయి. ఆధునిక గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చింది 1960లో. అంటే చిన్న కుటుంబాన్ని మాత్రలే తెచ్చాయన్న మాట పూర్తిగా నిజం కాదని ఈ పత్రాలే చెబుతాయి.

ఇల్లాలి పనికి ఎన్ని పేర్లు

తరువాత వృత్తి గడిలో ఇంటి ఆడవారి ఎదురుగా ఏం రాశారో చూడండి. 1870, 1880 పత్రాల్లో గణకులు "ఇల్లు చూసుకుంటున్నది" అని రాశారు. 1900లో ఆ చోటు ఎక్కువగా ఖాళీగానో, "ఏమీ లేదు" అనో ఉంటుంది. 1930లో గృహనిర్వాహకురాలిని గుర్తించడానికి వరుస పక్కన ఇంగ్లీషు అక్షరం హెచ్ చేర్చారు. అదే ఏడాది పత్రంలో రేడియో ఉన్న ఇళ్లకు ఆర్ అనే అక్షరం కూడా ఉంటుంది. 1940లో ఇంటిపనికి ప్రత్యేకంగా ఒక సంకేతం, దానితో పాటు గత ఏడాది జీతం ఎంతో చెప్పే గడి వచ్చాయి. తెల్లవారుజామున నీళ్లు కాచి, రొట్టెలు చేసి, బట్టలు ఉతికిన పని మారలేదు. దాన్ని చూసిన ప్రభుత్వపు చూపు మాత్రం మూడు విధాలుగా మారింది. 1940 పత్రంలో ఒకరి పేరు పక్కన సున్నలో ఇంటూ గుర్తు ఉంటే, ఆ ఇంట్లో గణకుడికి సమాధానాలు చెప్పింది ఆ మనిషేనని అర్థం. ఎవరి నోటి మాట మనం చదువుతున్నామో తెలియడం ముఖ్యం.

నల్లజాతి కుటుంబాల పత్రాల్లో ఈ గడిలో కూలిపని రాసి ఉండటం తెల్లవారి పత్రాల్లో కన్నా చాలా ఎక్కువ. 1880 నాటి అట్లాంటాలో వీధి వీధంతా భార్యలు, వితంతువులు, పెళ్లికాని కుమార్తెలు చాకిరేవు పనిచేసేవారిగా నమోదై ఉన్నారు. ఆ మరుసటి ఏడాది వారే కూలి రేట్ల కోసం సమ్మె కట్టారు. భర్త సంపాదిస్తే భార్య ఇంటిపట్టున ఉండే కుటుంబమన్నది అమెరికాలో అందరికీ ఎన్నడూ అందుబాటులో లేదు.

పిల్లల వృత్తి గడినీ వదలకండి. ఉత్తర, దక్షిణ కరోలినాల నూలు మిల్లుల ఊళ్లలో 1900, 1910 పత్రాలు తెరిస్తే, పన్నెండేళ్ల ఆడపిల్లలకు నూలు వడికే పని, మగపిల్లలకు నిండిన కండెలు మార్చే పని రాసి ఉంటాయి. 1900 లెక్క ప్రకారం 10 నుంచి 15 ఏళ్ల వయసు పిల్లల్లో 18 శాతం మంది, అంటే 17 లక్షలకు పైగా, పనిలో ఉన్నారు. 1938 చట్టం ఫ్యాక్టరీల్లో పదహారేళ్ల లోపు పిల్లల పనిని నిషేధించింది. పిల్లవాడు ఇంటికి సంపాదన తెచ్చే చేయి కాకుండా పోయి, చదివించవలసిన బాధ్యత అయినప్పుడు, కుటుంబపు లెక్క మొత్తం తారుమారైంది. నా అభిప్రాయంలో విడాకుల కన్నా పెద్ద మార్పు ఇదే.

పత్రం చెప్పనివి

పత్రంలో ఉన్నదంతా నిజమని, లేనిదంతా లేదని అనుకోవడం ఈ పనిలో పెద్ద పొరపాటు. 1850, 1860లలో బానిసలుగా ఉన్నవారికి వేరే పత్రాలు ఉండేవి. వాటిలో యజమాని పేరు కింద వయసు, లింగం, వర్ణం మాత్రమే ఉంటాయి, మనిషి పేరు ఉండదు, ఎవరు ఎవరికి తల్లి అన్నది అసలే ఉండదు. వారిలో అత్యధికుల పేర్లు మొదటిసారి కనిపించేది 1870లోనే. అమ్మకాల వల్ల చెదిరిపోయిన పిల్లలను, తోబుట్టువులను వెతుక్కుని తిరిగి ఒక ఇంట చేరిన కుటుంబాలు కూడా ఆ ఏటి పత్రాల్లో ఉన్నాయి. వాటిని మామూలు పత్రాల్లా గబగబా తిప్పేయవద్దని నా వేడుకోలు.

మూలవాసుల పిల్లల్లో కొందరు తల్లిదండ్రుల ఇంటి పత్రంలో కనబడకుండా, పెన్సిల్వేనియాలోని కార్లైల్ వంటి ప్రభుత్వ వసతి పాఠశాలల పత్రాల్లో కనబడతారు. అలాగే "వితంతువు" అన్న మాటను కాస్త అనుమానంతో చూడాలి. భర్త వదిలేసి వెళ్లిన స్త్రీలు, విడాకులు పొందిన స్త్రీలు నలుగురిలో మాట పడటం ఇష్టంలేక వితంతువులమని చెప్పుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు. భర్త మరో ఊరి పత్రంలో సజీవంగా దొరికినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

1950 దగ్గర జాగ్రత్త

1950 పత్రం తెరిస్తే మనం సినిమాల్లో చూసిన అమెరికా కుటుంబం కనబడుతుంది. చిన్న వయసులో పెళ్లి, ఉద్యోగానికి వెళ్లే తండ్రి, ఇంట్లో ఉండే తల్లి, వరుసగా పుట్టిన పిల్లలు. దీన్ని "పాతకాలపు కుటుంబం"గా తీసుకుని, తరువాతిదంతా పతనంగా చెప్పడం చాలామంది చేసే తప్పు. మొదటి పెళ్లి నాటి మధ్యస్థ వయసు 1890లో పురుషులకు 26.1, స్త్రీలకు 22 ఏళ్లు. 1956 నాటికి అది 22.5కు, 20.1కు తగ్గింది. 2020లో 30.5, 28.1. అంటే 1950ల దంపతులు తమ తాతల కన్నా కూడా చిన్న వయసులో పెళ్లి చేసుకున్నారు. స్త్రీకి సగటు కాన్పులు కూడా వంద ఏళ్లకు పైగా తగ్గుతూ వచ్చి, యుద్ధం తరువాత పెరిగి, 1957లో 3.7 దాటి, మళ్లీ పడిపోయాయి. వెనకా ముందూ ఉన్న పత్రాలతో పోల్చితే 1950 ఒక మెరక. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు 1944 చట్టం చదువులకు సాయం, ఇళ్లకు రుణాల హామీ ఇచ్చింది. 1947 నుంచి న్యూయార్క్ శివార్లలో లెవిట్‌టౌన్ వంటి ఊళ్లు వేల ఇళ్లతో వెలిశాయి, ఒక్కరి జీతంతో ఇల్లు గడిచే రోజులు కొన్నేళ్లు నడిచాయి. అయితే ఆ లెవిట్‌టౌన్‌లో నల్లజాతివారికి ఇళ్లు ఇవ్వలేదు. మీరు ఎంచుకున్న ఊరి 1950 పత్రాల్లో వర్ణం గడిలో వందల పంక్తుల పొడవునా ఒకే అక్షరం ఉంటే, అది దానంతట అది జరిగిందని అనుకోకండి.

1950 తరువాతి ఇళ్లను ఎలా చదవాలి

ఇక్కడి నుంచి ఇంటింటి పత్రాలు లేవు. సెన్సస్ బ్యూరో ప్రచురించే చారిత్రక పట్టికలు ఉచితంగా దొరుకుతాయి, ఇంకా లోతుగా వెళ్లాలంటే మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారి ఐపమ్స్ సంస్థ పేర్లు తొలగించిన వివరాలను పరిశోధకులకు ఇస్తుంది. ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు నిలువుగా సంవత్సరాలు, మధ్యలో అంకెలు, కుడివైపు ఆ కాలపు చట్టాలు రాసుకోవడం నా అలవాటు. ఇంటికి సగటు మనుషులు 1790లో 5.8, 1940లో 3.67, 1970లో 3.14, ఇప్పుడు రెండున్నర. ఒంటరిగా ఒక్కరే ఉన్న ఇళ్లు 1960లో 13 శాతం, 2020లో దాదాపు 28 శాతం. పెళ్లి కాని తల్లులకు పుట్టిన శిశువులు 1960లో 5 శాతం, ఇటీవలి కాలంలో 40 శాతం చుట్టూ. 18 ఏళ్ల లోపు పిల్లలున్న తల్లుల్లో ఉద్యోగంలోనో, ఉద్యోగ అన్వేషణలోనో ఉన్నవారు 1975లో 47 శాతం, 2000 నాటికి 73 శాతం.

కుడివైపున 1965లో దంపతుల గర్భనిరోధక హక్కును గుర్తించిన సుప్రీంకోర్టు తీర్పు, 1967లో వర్ణాంతర వివాహాల నిషేధాన్ని కొట్టివేసిన తీర్పు, 1970 జనవరి 1న కాలిఫోర్నియాలో అమల్లోకి వచ్చిన, ఎవరి తప్పూ నిరూపించనవసరం లేని విడాకుల చట్టం, స్త్రీకి తన పేరు మీదే అప్పు పుట్టేలా చేసిన 1974 చట్టం, 2015లో స్వలింగ వివాహాలను దేశమంతటా గుర్తించిన తీర్పు రాసుకోండి. ఒక చట్టం పక్కన ఒక అంకె మారినంత మాత్రాన అదే కారణమని తీర్మానించవద్దు. విడాకుల రేటు కాలిఫోర్నియా చట్టానికి ముందే, 1960ల నుంచే పెరుగుతూ వచ్చింది. 1980 ప్రాంతంలో శిఖరానికి చేరి ఆ తరువాత తగ్గుతున్నది కూడా.

ప్రశ్నల కాగితాలు మారిన తీరును కూడా ఆ కాగితం మీదే గుర్తుపెట్టుకోవాలి. 1970 వరకు భర్త ఇంట్లో ఉంటే కుటుంబ పెద్ద అతనే. 1980లో "కుటుంబ పెద్ద" అన్న మాటనే తీసివేశారు. పెళ్లి లేకుండా కలిసి ఉంటున్న జోడీకి 1990లో ఒక గడి వచ్చింది. ఆ ఏడాది ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో తాము దంపతులమని రాస్తే, లెక్కలు సరిచేసేటప్పుడు చాలా సందర్భాల్లో వారిలో ఒకరి లింగాన్ని మార్చేశారు. 2000లో వారిని పెళ్లికాని జోడీలుగా మార్చారు. 2020 కాగితంలో వారికి విడిగా గడి ఉంది.

మనవాళ్లు ఎక్కడ

భారతీయుల కోసం వెతికేవారు 1920, 1930, 1940 పత్రాల్లో వర్ణం గడి చూడాలి. ఏ మతం వారైనా మనవారందరినీ అప్పట్లో "హిందూ" అనే వర్ణంగానే రాశారు. కాలిఫోర్నియా ఇంపీరియల్ కౌంటీ పత్రాల్లో పంజాబులో పుట్టిన సిక్కు రైతు, మెక్సికోలో పుట్టిన భార్య, కాలిఫోర్నియాలో పుట్టిన పిల్లలు ఉన్న ఇళ్లు కనబడతాయి. స్వదేశం నుంచి భార్యను తెచ్చుకునే దారిని వలస చట్టాలు మూసివేయడం వల్ల ఏర్పడిన కుటుంబాలివి. 1965 వలస చట్టం తరువాత వెళ్లిన తొలి తెలుగు వైద్యుల, ఇంజనీర్ల ఇళ్లు 1970 పత్రాల్లో ఉంటాయి, అవి 2042 వరకు తెరుచుకోవు.

అప్పటిదాకా ఆగకుండా మీ పత్రాన్ని మీరే రాసుకోవచ్చు. ఏప్రిల్ 1ని ప్రామాణిక దినంగా పెట్టుకుని, ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకున్న ప్రతి మనిషి పేరు, వరుస, వయసు, పుట్టిన ఊరు, పని, ఎంతకాలం ఉంటారన్నది రాయండి. ప్రభుత్వ పత్రాల్లో లేని మూడు గడులు నేను చేర్చాను. ఆ రోజు వంట ఎవరు చేశారు, పిల్లలను ఎవరు చూసుకున్నారు, ఇంట్లో లేకపోయినా ఆ రోజు ఫోనులో మాట్లాడిన దగ్గరివాళ్లు ఎవరు అన్నవి అవి. నాకు వరుసల గడిలో "అమ్మమ్మ" అని, ఎంతకాలం ఉంటారన్న చోట "ఆరు నెలలు" అని రాశాను. 2010 నాటి నా కాగితంలో నాలుగు పంక్తులు ఉన్నాయి. దాన్ని మనవడి పుట్టిన తేదీ పత్రంతో కలిపి అమ్మాయి బీరువాలో పెట్టింది.